నమ్మని మూడేళ్లు

అన్నయ్యకు నమస్కారాలు.

ఇక్కడ ఆయన, పాప కులాసా. నువ్వు, వదిన, పిల్లలు క్షేమమని తలుస్తాను. నేను కులాసా అని మాత్రం రాయను.

వదిన మోకాలి నొప్పి తగ్గిందన్నావు, సంతోషం. పాప పరీక్షలు బాగానే రాసింది. ఇక చివర్లో అడిగావే, "బీపీ మాత్రలు వేసుకుంటున్నావా? నిజం చెప్పు" అని! ఆ "నిజం చెప్పు" చదివి నీ ఉత్తరం ఉండచుట్టి గోడకేసి కొట్టాను. ఇన్నాళ్లూ జవాబు రాయనిది అందుకే.

మూడేళ్లుగా వేసుకుంటున్నాను. మొదట ఒకటి, తర్వాత రెండు, ఇప్పుడు నాలుగు రకాలు. ఉప్పు మానేశాను. అయినా నూట తొంభైకి తగ్గదు. పిక్కలు పట్టేస్తున్నాయంటే వినేవాళ్లు లేరు. పెద్ద డాక్టరు నా మొహమైనా చూడకుండా, "ఈవిడ మందులు వాడటం లేదు" అన్నాడు ఆయనతో. నేను పక్కనే కూర్చున్నానన్నయ్యా! ఆ రోజు నుంచి ఆయన మాత్రల అట్టలు లెక్కపెట్టడం, "ముందు నీ కోపం తగ్గించుకో" అని అత్తగారు సాధించడం. మందుల షాపు నడిపేవాడివి, నువ్వైనా నమ్ముతావనుకున్నాను.

ఒకటి దాచాను. నీ ఉత్తరం వచ్చిన రోజే మాత్రలన్నీ మానేశాను. మీరంతా అన్న మాట నిజం చేసి చూపిద్దామని, ఒళ్లు మండి. ఐదో రోజు ప్రెస్సులో ప్రూఫు దిద్దుతుంటే ఎడమకంటికి అక్షరాలు అలుక్కుపోయాయి. తల పగిలిపోతోంది. కంపోజింగ్ చేసే ఆవిడ ఆసుపత్రికి లాక్కుపోయింది. రెండు వందల నలభై!

అక్కడి చిన్న డాక్టరమ్మకి ఉన్నదున్నట్టు చెప్పేశాను. చెడామడా తిట్టి, అప్పుడడిగింది, "మానకముందు ఎంతుండేది?" అని. వారం రోజులు నర్సు ఎదుటే మాత్రలు మింగించింది. అయినా నూట తొంభై అయిదు.

"మీరు అబద్ధమాడలేదమ్మా" అంది. ఏడ్చేశాను.

రక్తపరీక్ష, స్కానింగు చేస్తే తేలింది. మూత్రపిండం మీదుండే చిన్న గ్రంథిలో గడ్డ. ఒంట్లో ఉప్పు నిలవ చేసి బీపీ పెంచుతున్నది అదేనట. పిక్కలు పట్టేయడమూ దానివల్లే.

వచ్చే బుధవారం ఆపరేషన్. బీపీ దిగుతుందట, ఒకటో రెండో మాత్రలు మిగలొచ్చట. ఎడమకన్ను చూపు మాత్రం పూర్తిగా తిరిగి రాదు. ఆ ఐదు రోజుల తప్పు నాదే, ఎవరిమీదా తొయ్యను. మూడేళ్ల తప్పు మాత్రం నాది కాదు.

మంగళవారానికల్లా రా. పళ్లు తేకు, ధైర్యం చెప్పకు. "నిన్ను నమ్మలేదు చెల్లీ, తప్పే" అను, చాలు. ఆయన నిన్న అన్నారు. ఆ ఒక్క ముక్క నోట్లోంచి రావడానికి గంట పట్టింది. నీకూ పడుతుంది, కాస్త ముందే బయల్దేరు.

ఇట్లు,
ఇంకా కోపం తగ్గని
నీ చెల్లెలు