సారు ఆగిన చోటు

వనపర్తి,
సోమవారం

ఇమ్మానుయేలు అన్నకు,

మనం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. సాలోమోను సారుకు మీరు మొదటి శిష్యులు, నేను చివరిదాన్ని. భయపడుతూ రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

బొంబాయి హోటళ్లలో జాజ్ వాయించి వచ్చిన మనిషి, ఇక్కడ పెళ్లి బ్యాండ్ల వాళ్లకు శాక్సఫోన్ నేర్పుతూ ముసలివారయ్యారు. తన సొంత పాటను మాత్రం ఎవరినీ రాసుకోనివ్వలేదు. "రాస్తే పాట సచ్చిపోతది. ఎవరి ఊపిరితోని వాళ్లే ఊదాలె" అనేవారు. నేను వినలేదు. చాటుగా ఫోన్‌లో రికార్డు చేసి, ఆయన పోయాక మా బ్యాండులో పదకొండు మందికి అచ్చం అలాగే నేర్పాను.

వచ్చే ఆదివారం కోడేరు చర్చిలో ఆయన జ్ఞాపకార్థం కూడిక. అక్కడ ఆ పాటే వాయించాలి.

నిన్న సాధన వినడానికి సారు భార్య లలితమ్మగారు వచ్చారు. పాట మధ్యలో మేమంతా ఒక్కసారిగా ఆగే చోటు ఒకటుంది. మాకు అదే చాలా ఇష్టం. అమ్మ అక్కడ లేచి నిలబడ్డారు.

"గాడ ఎందుకు ఆపుతున్నరు బిడ్డా? గది పాట గాదు. ఆయనకు ఊపిరి అందకపోతుండె."

నేను చేరిందే ఆయన దవాఖానల చుట్టూ తిరిగిన ఏడాదిలో. ఆగకుండా వాయించగా ఎన్నడూ వినలేదు.

అన్నా, ఆ చోట ఏముండేదో మీకే తెలుసు. ఆదివారంలోగా కల్వకుర్తి నుంచి ఒక్కసారి రండి. నిన్నటి నుంచి ఆగకుండా వాయించాలని చూస్తున్నాను. అక్కడికి రాగానే నాకూ ఊపిరి అందడం లేదు.

మీ చెల్లెలు