మూతలున్న స్కోప్ తీసుకో

విష్ణూ,

ఫోన్‌లో అయితే మీ వదిన వింటుందని ఉత్తరం రాస్తున్నాను. అడవిపందుల్ని కాల్చడానికి రైఫిల్ మీదకి ఖరీదైన స్కోప్ అక్కర్లేదు, మూడొందల డాలర్ల లోపుది చాలు. నాదీ అలాంటిదే. కానీ గురి సరిచేసే నాబ్‌లకి మూతలున్నదే తీసుకో. నా దానికి లేవు.

దసరానాడు మీ వదిన ఆయుధపూజ చేసి ట్రాక్టర్‌కీ, రైఫిల్‌కీ, ఆ నాబ్‌లకీ బొట్లు పెట్టింది. పక్కనే తోకాడిస్తూ నిలబడ్డ మా కుక్క రాణికి కూడా పెట్టింది. మర్నాడు స్కోప్ మీద కుంకుమని గుడ్డతో గట్టిగా తుడిచాను. నాబ్ తిరిగిపోయిందని చూసుకోలేదు. ఒక్కసారి అట్టముక్క మీద కాల్చి చూసుకుని ఉంటే తెలిసేది. బద్ధకించాను.

ఆ సాయంత్రం గొర్రెపిల్లల మీద పడ్డ పందిని రాణి నిలేసింది. నేను దూరం నుంచి కాల్చాను. బుల్లెట్ రెండడుగులు పక్కకి పోయి రాణికి తగిలింది. దగ్గరికెళ్ళి రెండోది కూడా నేనే కాల్చాల్సొచ్చింది.

రాణే అడ్డొచ్చిందని మీ వదినకి చెప్పాను. నువ్వూ ఆమె దగ్గర స్కోప్ ఊసెత్తకు.

పాతిపెట్టేటప్పుడు దాని నుదుట బొట్టు అలాగే ఉంది. దాన్ని మాత్రం తుడవలేదు.

అన్నయ్య