నత్త పెద్దమ్మ జవాబు

డిసెంబరు 9, ఆదివారం

చెల్లికి,

పెద్ద తోడికోడలు దీవించి రాసేది. ఇక్కడ మేం క్షేమం. మీరు కూడా క్షేమమేనని నీ ఉత్తరం చూడగానే తెలిసింది. ఏదో అవసరం పడిందని కూడా తెలిసింది. లేకపోతే నీకు అక్క గుర్తుకు రాదుగా.

మీ అమ్మాయి మొదటిసారి చలికాలంలో కొండెక్కి టెంటులో పడుకోబోతోందని, తోడుగా నన్ను వెళ్లమని రాశావు. "నీకైతే అనుభవముంది అక్కా" అన్నావు. ఈ ముక్క పోయినేడు భోజనాల దగ్గర నీ నోటికి ఎందుకు రాలేదు?

మర్చిపోయి ఉంటావు, గుర్తుచేస్తాను. పోయిన చలికాలం గుంపుతో కలిసి మనం కొండెక్కినప్పుడు ఎంత చెప్పినా వినకుండా కాటన్ బట్టలేసుకున్నావు. గబగబా ఎక్కి చెమటతో తడిశావు. వాగు దాటుతూ జారి సంచీతో సహా నీళ్లలో పడ్డావు. పొద్దుగూకి గాలి లేచేసరికి నీ పెదాలు నీలమయ్యాయి. కాసేపటికి వణుకు కూడా ఆగిపోయి మాట ముద్దగా వచ్చింది. నీ తడిబట్టలు విప్పి నా ఉన్ని స్వెట్టరు తొడిగాను. నా స్లీపింగ్ బ్యాగులో పడుకోబెట్టి, వేడినీళ్ల సీసా పొట్టకు ఆనించి, స్పూనుతో తీపి టీ తాగించాను. "అక్కా, నన్నొదిలి వెళ్లకే" అని నా చెయ్యి పట్టుకున్నావు. నేను వదల్లేదు.

తెల్లారాక నువ్వు లేడిపిల్లలా దిగిపోయావు. నేను వెనకబడ్డాను. గుంపంతా మంచుగాలిలో నా కోసం ఆగింది. ఇంటికొచ్చాక అత్తగారి ముందు, పిల్లల ముందు ఏమన్నావు? "అక్కని తీసుకెళ్లడం మాదే బుద్ధితక్కువ. నత్తనడక నడిచి అందర్నీ గడ్డకట్టించింది" అన్నావు. అందరూ నవ్వారు. మీ బావగారూ నవ్వారు. ఆనాటి నుంచి నీ కూతురికి నేను నత్త పెద్దమ్మని. పిల్లదాని తప్పేముంది, నేర్పినవాళ్లని అనాలి.

నేను రాను. అమ్మాయికి మాత్రం ఇవి చెప్పు. ఒంటికి కాటన్ తగలనివ్వద్దు. చెమట పట్టకముందే ఒక పొర విప్పాలి, ఆగిన వెంటనే మళ్లీ వేసుకోవాలి. నేల ఒంట్లో వేడిని లాగేస్తుంది, కింద మందపాటి చాప ఉండాలి. కడుపునిండా తిని పడుకోవాలి. చలేస్తోందని చెప్పడానికి సిగ్గుపడొద్దు. ఇవన్నీ నీకు తెలిసినట్టే చెప్పు. నా మాటలంటే నవ్వేస్తుంది.

ఇట్లు,
మీ అక్క

తా.క.: కోపంతో రానంటున్నానని అనుకుంటావు. కోపముంది, లేదనను. కానీ ఆ రాత్రి నీకు తొడిగిన పొడి సాక్సులు నావి. ఇంకో జత ఉందన్నాను గానీ, లేదు. కొండ దిగాక నా ఎడమకాలి వేళ్లు రెండు నల్లబడిపోతే డాక్టరు తీసేశాడు. ఇంట్లో నవ్విన మీ బావగారు ఆస్పత్రి వరండాలో ఏడ్చారు. నీకు చెప్పొద్దని నేనే ఒట్టేయించుకున్నాను. నీ జాలి నాకక్కర్లేదు. ఇప్పుడు చెప్పేదైనా నీ కూతురి కోసమే. రేపు కొండ మీద ఎవరైనా తమది తీసి దానికిస్తే, పుచ్చుకునే ముందు వాళ్ల కాళ్ల వంక ఒక్కసారి చూడమను.