సముద్రపు బురదలో దొరికిన మందు

విశాఖపట్నం,
ఫిబ్రవరి 14, 2025.

సురేందర్ అన్నకు చెల్లె నిఖిత నమస్కరించి రాస్తున్నది. నేను కుశలమే. కానీ బోధన్ కబురు నీ నోట వినక ఆ కుశలం నాకు పట్టడం లేదు.

నువ్వు ఫోన్ ఎత్తక తొమ్మిది రోజులైంది. బాపు సంగతులు వదినే చెబుతోంది. ఫోన్ మోగితే చాలు, బాపుకేమైందోనని పరుగెత్తి ఎత్తుతున్నాను.

నీ కోపం అర్థమవుతుంది. చెరుకు నరుకుతుంటే బాపు పాదంలో కొయ్య దిగింది. చిన్న గాయమే అనుకున్నాం. నిజామాబాద్ ఆస్పత్రిలో నాలుగు రకాల మందులు ఎక్కించినా గాయంలో చేరిన క్రిమి చావలేదు. సరిగ్గా అప్పుడే మా ల్యాబులో, సముద్రం అడుగు నుంచి తెచ్చిన బురదలోని ఒక బ్యాక్టీరియా అలాంటి మొండి క్రిములను చంపింది. గాజుపళ్లెంలో దాని చుట్టూ ఒక్క క్రిమి లేకుండా తేటగా వలయం ఏర్పడింది. మూడేళ్లు, ఆరువందల నమూనాలు చూశాక దొరికిందది. సంతోషం పట్టలేక ముందు నీకే చెప్పాను.

"గా మందు జర తీస్కరా చెల్లె. కాలు తీసేస్తమంటున్నరు. ఏమైనా నేను సూసుకుంట" అని ఏడ్చావు. ఎలుకల మీద కూడా ఇంకా పరీక్షించలేదు, కుదరదన్నాను. "నీ నౌకరి కన్న బాపు కాలు తక్కువాయెనా?" అన్నావు. నేను ఆస్పత్రికి వచ్చినప్పుడూ ముఖం తిప్పుకున్నావు.

మోకాలి కింద తీసేశారు. ప్రాణం నిలిచింది. మొన్న వదిన ఫోన్ ఇస్తే బాపు "తిన్నవా బిడ్డా?" అని మాత్రం అడిగాడు. కాలు మాటే ఎత్తలేదు. ఇంకో రెండు రోజులు జ్వరం రాకుంటే ఇంటికి పంపుతారట. ఆ రెండు రోజులు ఎట్లా గడుస్తాయో!

ఒక్కసారి ఫోన్ ఎత్తు. తిట్టడానికైనా సరే.

నీ మాట కోసం చూసే
నిఖిత

తా.క.: ఇది ఎవరికీ చెప్పలేదు. ఆపరేషన్ ముందు రోజు నేను వచ్చినప్పుడు ఆ బ్యాక్టీరియా నుంచి తీసిన మందు సీసా నా సంచిలోనే ఉంది. నువ్వు చాయ్‌కి కిందికి పోయినప్పుడు సూదిలోకి ఎక్కించాను కూడా. బాపు నిద్రలో మూలుగుతున్నాడు. ధైర్యం చాలలేదు. రూల్స్ గుర్తొచ్చి ఆగాననుకోకు, ఉత్త భయంతో ఆగాను. నిన్న పరీక్ష ఫలితం వచ్చింది. ఆ మందు క్రిములతో పాటు మనిషి కిడ్నీ కణాలనూ చంపుతోంది. అప్పటినుంచి అన్నం ముద్ద గొంతు దిగడం లేదు, అన్నా.