పైన రెండడుగులు మా అమ్మది

ఆనందబాబు బావా, నిన్న తహశీల్దారు ఆఫీసు ముందర టీ అంగట్లో నలుగురు వింటుండంగా నువ్వన్న మాటకి జవాబు ఇది. "ఒరే టైటసూ, నువ్వు చచ్చిపోతే వీలునామా రాసేదానికైనా నీకంటూ ఏముందిరా? నేల గవర్నమెంటుది. గోడలు పీకి నెత్తిన పెట్టుకుంటావా?" అన్నావు. అందరూ నవ్వినారు. టీ పోసేవాడు కూడా గ్లాసు పక్కన పెట్టి మరీ నవ్వినాడు. జవాబు నాకు ఇంటికొచ్చినాక తట్టింది. అందుకే రాస్తుండా, చదువుకో.

తోటపల్లి గూడూరు మండలం, సముద్రం పక్కన సునామీ కాలనీలో ఉండే నేను, ప్రభువునందు నిద్రించిన ఎలిశబెతు కొడుకు టైటస్ అనేవాణ్ణి, వయసు ఇరవై నాలుగు, ఎనిమిదో తరగతిలో బడి మానేసినోణ్ణి, రొయ్యల గుంటల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లు రిపేరు చేసి బతికేవాణ్ణి, పూర్తి తెలివితో, ఎవురి బలవంతమూ లేకుండా రాసుకున్న వీలునామా. తాగలేదు. జ్వరం లేదు. కోపంగా ఉండాను, ఆ సంగతి ఒప్పుకుంటుండా. కోపానికీ పిచ్చికీ తేడా తెలిసినోళ్ళే దీన్ని చదవండి. చావాలని రాయడంలా. ఉండేది నాదని రాస్తుండా. ఈ ఇంటి సంగతి తేల్చేదానికి పది గంటలకి సర్వేయరు వస్తాడంట, ఆలోపల ముగించాల.

1. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత మా అక్క లిల్లీ మొగుడు ఆనందబాబుకే అప్పజెప్తుండా. అవును బావా, నీకే. నాకేం లేదన్నావు గదా. ఆ లేనిదాన్ని ఒక్కోటీ నీ చేత్తోనే పంచు.

2. నేల విషయం. అమ్మ పేరుతో ఇచ్చిన పట్టాలో ఏముందో రెజీనా అక్క చదివి చెప్పింది. ఆమె రిజిస్ట్రారు ఆఫీసు కాడ దస్తావేజులు టైపు చేస్తాది, ఆమెకు తెలుసు. అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, ఒకరి జాగా ఒకరు మార్చుకోకూడదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు గవర్నమెంటు వెనక్కి తీసుకోవచ్చు. సరే అయ్యా. నేల మీదే. కానీ ఈడ మీరిచ్చిన నేల ఎట్టుండిందో మీకు గుర్తుందా? మెరక అని పేరే గానీ వానొస్తే చీలమండ దాకా నీళ్ళు. మా అమ్మ రొయ్యలు వలిచే షెడ్డులో పగలంతా నిలబడి, సాయంత్రం వస్తా వస్తా, రోడ్డు పని కాడ మేస్త్రీని అడిగి, మిగిలిన గ్రావెల్ తట్టకెత్తుకుని వచ్చేది. రోజుకు నాలుగు తట్టలు. మూడేళ్ళు. నేనూ అక్కా చిన్న డబ్బాల్లో మోసినాము. నేల రెండడుగులు లేచింది, టేపు పెట్టి కొలుచుకోండి. గవర్నమెంటు నేల ఆ రెండడుగుల కింద ఉంది, మేం ముట్టుకోలా. పైన ఉండే రెండడుగులు ఎలిశబెతుది. ఆమె తర్వాత నాదీ, లిల్లీదీ. అందులో నా సగం లిల్లీకి రాసిస్తుండా.

3. అమ్మ మోసిన ఇనప తట్ట తహశీల్దారు ఆఫీసుకు. మీ నేల మీకు కావాలంటే ముందు పైన ఉండే మా మట్టి తోడి పక్కన పొయ్యండి, తర్వాత మీది మీరు తీసకపోండి. తట్టకి అడుగున చిల్లుంది, గోనెపట్ట పరుచుకోవాల. అమ్మ అట్టనే మోసింది. మోసేది కుర్చీలో కూర్చునేవాళ్ళే మొయ్యాల, అటెండరు చేత మోయించకూడదు. మీరు మాకు ఇన్ని షరతులు పెట్టినారు గదా, ఇది ఒక్కటి నాది.

4. ఇల్లు. రెండు గదులు, ముందర వసారా, వంటింటి రేకులు, బోరింగు పంపు, అన్నిట్లో నా భాగం లిల్లీకి. ఉండొచ్చు, అమ్మొచ్చు, పడగొట్టి బీరపాదు పెట్టుకోవచ్చు. నేను ఏ షరతూ పెట్టను. అక్కా, మన ఇంట్లోకి షరతు లేకుండా వచ్చిన ఆస్తి ఏదన్నా ఉంటే ఇదే మొదటిది. బావకు ఈ ఇంట్లో పడుకునే హక్కు ఉంది, సంతకం పెట్టే హక్కు లేదు. నిన్న ఆఫీసోళ్ళ ఒప్పుకోలు కాగితం నా చేతికిచ్చి, ఆక్రమించుకున్నానని ఒప్పుకో, ఇంకెక్కడో సెంటున్నర ఇస్తారు, గొడవ ఉండదు అన్నోడివి నువ్వే గదా. పందొమ్మిదేళ్ళు బతికిన ఇంటిని ఆక్రమించుకున్నానని నా చేత్తో నేనే రాయాల్నా? ఆ కాగితం చింపలేదు, దాచినాను. అది నీకే రాసిస్తుండా బావా. ఫ్రేము కట్టించుకో.

5. నా స్పానర్ల పెట్టె మా అక్క కూతురు వెన్నెలకి. తొమ్మిదేళ్ళ పిల్ల మిక్సీ విప్పి మళ్ళీ బిగించింది. ఒక స్క్రూ మిగిలింది గానీ మిక్సీ తిరుగుతుండాది. ఆడపిల్లకు స్పానర్లెందుకని ఎవురన్నా అంటే, వెన్నెలా, పెట్టెలో అడుగున ఉండే పెద్దది తీసి చూపించు.

6. నన్ను అమ్మ పక్కన పెట్టండి. సమాధుల దొడ్డి కూడా పోరంబోకేనంట. ఆడ మాత్రం ఇంతవరకూ ఎవురూ పట్టా అడగలా.

7. గంగులయ్య మామ సంగతి.

కాలనీ ఇచ్చినప్పుడు నాకు అయిదేళ్ళు. చీటీలు తీస్తే అమ్మకు 17 నంబరు జాగా వచ్చింది, కాలవ ఒడ్డు, పల్లం. గంగులయ్య మామకు 41, ఈ మెరక. నాయన లేడు, మేం చిన్నోళ్ళం. మామ వొచ్చి, "అమ్మీ, బిడ్డల్ని పెట్టుకుని ఆ పల్లంలో ఎట్టుంటావు, మెరక మీదికి పో. నాకు కాలవ పక్కనైతే పడవ కట్టుకునేదానికి అనువు" అన్నాడంట. అంతే. నోటి మాట. కాగితాలు మార్చాలని ఎవురికీ తోచలా. పదేళ్ళ కిందట వానలకి కాలవ తెగి 17ని ఇంటితో సహా మింగింది. అప్పట్నుంచి ఆయన వలల షెడ్డులో పడుకుంటుండాడు. ఒక్కనాడు కూడా మా ఇంటి వైపు చెయ్యి చూపించి ఆ జాగా నాదని అనలా.

ఇప్పుడు కాలనీ అంతా మళ్ళా సర్వే చేసి, పట్టాలో పేరు లేకుండా ఉండేవాళ్ళంతా ఆక్రమించుకున్నోళ్ళే అన్నారు. కాగితం చూసి 41 గంగులయ్యది అన్నారు. టైటస్ నా జాగాలో దూరినాడని వేలిముద్ర వేస్తే ఆ ఇల్లు నీదే అని ఆయనకు చెప్పినారు. వేస్తే నేను ఈరోజే రోడ్డు మీద. వెయ్యకపోతే ఫైలు కలెక్టరు కాడికి పోవాల, ఆడన్నా మా మాట రాసుకుంటారు. అది విని నిన్న సాయంత్రం నేను షెడ్డు కాడికి పోయి ఆయన్ని ముసిలి దొంగ అని అరిచినాను. ఇంకా చాలా అన్నాను, ఈడ రాయలేను. ఆయన వల కుట్టుకుంటానే ఉన్నాడు, తల ఎత్తలా.

అందుకని ఈ అంశంలో "ముందర వసారా గంగులయ్య మామకు" అని రాసినాను. ఆ వాక్యం కొట్టేసి, వసారా కూడా నాలుగో అంశంలో లిల్లీకే కలిపినాను. కారణం ఇది. వీలునామాకు ఇద్దరు సాక్షులు కావాల. ఒకరు రెజీనా అక్క. రెండో వాళ్ళ కోసం పొద్దున ఇరవై ఇళ్ళు తిరిగినా. అందరూ మా మాదిరే జాగాలు మార్చుకుని, ఒప్పుకోలు కాగితం మీద సంతకాలు పెట్టేసినోళ్ళే, నన్ను చూసి తలుపులు దగ్గరికేసుకున్నారు. తిరిగొస్తే మామ వసారా మెట్టు మీద కూర్చోనుండాడు. ఎవురూ పిలవలా. రెజీనా అక్క ఆయనకు విడమరిచి చెప్పింది: "తాతా, సాక్షిగా ఉండేవాళ్ళకి ఆస్తి రాస్తే చెల్లదు. వసారా కావాల్నా, సాక్షిగా ఉంటావా?" దానికి ఆయన, "వసారా లిల్లీకి రాసెయ్యమ్మా. వేలు యాడ పెట్టాల్నో చూపించు" అన్నాడు.

మామా, నీకు రాసేదానికి చట్టం ఒప్పుకోలా. అయితే ఇంకోటుంది. బతికుండంగా ఇచ్చేదానికి వీలునామా అక్కర్లేదు. ఈరోజు నుంచి వసారాలో మంచం నీది. నిన్న అన్నవి

జీపు వచ్చింది. మామ నాకన్నా ముందే లేచి వీధిలోకి పోయినాడు, బొటనవేలికి ఇంకు ఇంకా ఆరలా. వాళ్ళు ఆయన చేతికి నేను దూరినానని రాసిన ఆ కాగితం అందిస్తుండారు. నేను పోవాల.

2025 జూలై 18, శుక్రవారం, సునామీ కాలనీ

(సంతకం) టైటస్

సాక్షులు:
1. గంగులయ్య, కాగితం ప్రకారం 41 నంబరు జాగా పట్టాదారు (ఎడమచేతి బొటనవేలి ముద్ర)
2. రెజీనా (సంతకం)