శ్రావణంలో ఒక గేమ్ రివ్యూ

ఆగస్టు 3, ఆదివారం. మదనపల్లె

గేమ్ ఇంకా సగం మిగిలింది. నా యూట్యూబ్ ఛానెల్‌లో రివ్యూ శుక్రవారానికల్లా పెట్టాలి. ప్లస్‌లు రాసుకున్నాను. మ్యాప్ చాలా పెద్దది, గుర్రం మీద తిరిగినా తరగదు. కొండల మీద వాన పడుతుంటే గొడుగు వెతుక్కోవాలనిపిస్తుంది. ఎటు పోవాలో మ్యాప్ మీద పచ్చ గుర్తు పెట్టి చూపిస్తారు.

దీపిక గుడుపల్లెలో పుట్టింట్లోనే ఉంది. ఐదో నెలలో కడుపులో బిడ్డ పోయాక ఆస్పత్రి నుంచి నేరుగా అక్కడికే తీసుకుపోయారు. ఆషాఢం అయిపోయింది, శ్రావణం వచ్చింది, అత్తగారింటి నుంచి కబురు లేదు. కబురు రాకుండా మగడు పోయి పెళ్ళాన్ని పిలుచుకొచ్చే ఆనవాయితీ మన ఇంట్లో లేదంటుంది అమ్మ. నాకూ అదే వాటంగా ఉంది.

ఆగస్టు 5

డ్రాగన్ చచ్చింది. అన్నం చల్లారిపోయింది.

ఆగస్టు 6, బుధవారం

మైనస్ దొరికింది. చిన్నది కాదు.

శత్రువులు కోటను చుట్టుముట్టారు, వెంటనే రమ్మని రాణి మనిషిని పంపింది. నేను చేపలు పట్టుకుంటూ, పుట్టగొడుగులు ఏరుకుంటూ ఊళ్ళన్నీ తిరిగి తీరిగ్గా పోయాను. కోట చెక్కుచెదరలేదు. రాణి అదే కిటికీ దగ్గర నిలబడి అదే మాట చెప్పింది. మనం పోయేదాకా ఎవరికీ ఏమీ కాదు. అంత పెద్ద లోకం కట్టి, అందులో కాలం పెట్టడం మరిచారు.

ఇది రాశాక భయమేసింది. దీపికకు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

ఆగస్టు 8, శుక్రవారం. రాత్రి

రివ్యూ పెట్టలేదు. అమ్మకు చెప్పకుండా పుంగనూరు మీదుగా కుప్పం పోయి, అక్కడి నుంచి గుడుపల్లె చేరాను.

అత్త స్వర్ణలత మంచినీళ్ళిచ్చింది, కూర్చోమనలేదు. మీరు కబురు పెడతారని చూశానని నసిగాను. ఆమె విస్తుపోయింది. వాళ్ళ వైపు అల్లుణ్ణి రమ్మని కబురు పెట్టరట. పెడితే, కూతురు బరువై వదిలించుకున్నట్టట. మగడు తనంతట తానే రావాలట. మేము వాళ్ళ కోసం, వాళ్ళు మా కోసం ఇన్నాళ్ళూ కాచుకున్నాం. దీపిక కుప్పంలో బట్టల షాపులో చేరిందని కూడా అప్పుడే తెలిసింది.

షాపు బయట కలిశాను. బాగా చిక్కిపోయింది. ఆనవాయితీల తేడా అంతా విడమరిచి చెప్పాను. తప్పు నాది కాదని తేలినందుకు లోపల కొంచెం హుషారుగా కూడా ఉంది. మొత్తం వినింది.

"పద్ధతుల సంగతి మా అమ్మతో సెప్పుకో. ఫోన్ సేసినప్పుడంతా తిన్నావా, మాత్ర ఏసుకున్నావా అంటివి. బిడ్డ గురించి ఒక్క మాటన్నా అడిగినావా? నా ఒక్కదానికేనా పోయింది?"

అడగలేదు. ఆ మాటెత్తితే తను ఏడుస్తుందని నాకు నేనే చెప్పుకొనేవాణ్ణి. నేను ఏడుస్తానని భయం.

ఇంకా డ్యూటీ ఉందని లోపలికి పోయింది.

ఆగస్టు 9

నవీనన్నా, రివ్యూ యాడన్నా అని కామెంట్లు. కొన్ని తిట్లు. మిగతావి చదవలేదు.

ఆగస్టు 12, మంగళవారం

దీపికే ఫోన్ చేసింది. బిడ్డకు ఏం పేరు అనుకున్నావని అడిగింది. చెప్పాను. తను అనుకున్నది తను చెప్పింది. తరవాత చాలాసేపు ఇద్దరం ఫోన్ పెట్టేయలేదు. ఇంటికి ఎప్పుడొస్తావని నేను అడగలేదు.

ఆ రెండు పేర్లూ ఇక్కడ రాయను.