ఇరవై మూడు జవాబులు

విశాఖపట్నం,
1997 ఆగస్టు 12

నా బంగారు అయ్యకు,

నిర్మల నమస్కారాలు. ఈ వారం 'గమ్యం' అనే మాట నేర్చుకున్నాను, ఉత్తరం చేరాల్సిన చోటు అని. ఎంత బాగుందో! కానీ ఇప్పుడు ఆ మాటే నన్ను ఏడిపిస్తోంది.

మా విల్సన్ సార్ ఇంట్లో కంప్యూటర్ ఉంది. వేరే ఊళ్ళ కంప్యూటర్లు దానికి ఫోన్ చేసి ఉత్తరాలు ఇచ్చి పుచ్చుకుంటాయి. జీతం లేని సరదా పని. ఏ ఊరి ఉత్తరాలు ఏ అరలో పడాలో రాసిపెట్టే బాధ్యత సార్ నాకు అప్పగించారు. ఆ అరను డైరెక్టరీ అంటారు. నేనేం చేశానో తెలుసా? మన సంతలో నాలుగూళ్ళ సరుకు ఒకే బుట్టలో దింపినా ఎవరిది వాళ్ళే తీసుకుపోతారు కదా! అలాగే మన డుంబ్రిగుడకీ గుమ్మలక్ష్మీపురానికీ కలిపి ఒకే డైరెక్టరీ పెట్టేశాను. కంప్యూటర్‌కి సంత మర్యాద తెలియదయ్యా! ముందు ఫోన్ చేసిన గుమ్మలక్ష్మీపురం మొత్తం ఊడ్చుకుపోయింది.

మన బడిలో యోనా మాస్టారు పిల్లల చేత పొడుపు కథలు రాయించి, బడి కంప్యూటర్ పెట్టె నుంచి నెలగా పంపుతున్నారు కదా. వాటికి ఇరవై మూడు జవాబులు వచ్చాయి. అన్నీ దారి తప్పాయి! "మన కొండోళ్ళ మాటలు ఎవరికి కావాల? పెట్టె మూసేస్తాను" అని ఆయన అంటున్నారని చిన్నమ్మి వదిన చేత నువ్వే రాయించావు. అది చదివాకే అనుమానం వచ్చి వెతికాను.

నిన్న అరలు విడదీశాను. గుమ్మలక్ష్మీపురం టీచరు ఏంజెలిన్ గారు పాతవన్నీ తిప్పి పంపుతానన్నారు. కానీ సార్ "ఫోన్ లైన్ బాగోలేదేమో" అంటే తల ఊపేశాను. తప్పు నాదని చెప్పలేకపోయాను. అందుకే ఈ పని మానేస్తాను. ఈ సంగతి చిన్నమ్మి వదినే నీకు చదవాలి. యోనా మాస్టారి చేతికి మాత్రం ఈ ఉత్తరం ఇవ్వకు.

నీ గుంట,
నిర్మల

డుంబ్రిగుడ,
ఆగస్టు 19

ప్రియమైన నిర్మలకు,

చిన్నమ్మి పుట్టింటికి వెళ్ళింది. మీ నాన్న ఆగలేక కవరు పట్టుకుని తిన్నగా నా దగ్గరికే వచ్చాడు. బడి అరుగు మీద కూర్చుని పైకి చదివాను. చివరి వాక్యం దగ్గర ఆగాను.

"ఏటి మాస్టారూ, ఆగిపోనారు?"

"ఉత్తరం నాకు ఇవ్వొద్దని రాసింది ఫల్గుణా, మీ గుంట."

"ఆ మాట కవరు మీద రాయాల గదా! లోపల రాత్తే నాకేటి తెలుత్తాది?"

ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. అంతకు ముందు కోపం రాలేదని అబద్ధమాడను. 'ఎవరూ పలకలేదర్రా' అని నెల రోజులు పిల్లలకి చెప్పిన నోరు ఇది.

ఆ సాయంత్రమే ఇరవై మూడూ వచ్చాయి. 'పుట్టినప్పుడు పచ్చన, పెరిగితే ఎర్రన, గ్లాసులో నల్లన' అన్న కథకి విశాఖ వాళ్ళు నలుగురు టీ అని రాశారు! "కాఫీ కాయ సూడనేదేటి మాస్టారూ ఈల్లు?" అని మంగ్లు కూతురు అడిగితే బడంతా గొల్లుమంది. ఇక పెట్టె మూయమన్నా పిల్లలు మూయనివ్వరు.

విల్సన్ గారికి నిజం నువ్వే చెప్పాలి. నేను చెప్పను. మీ నాన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "సెడగొట్టినోలికే తెలుత్తాది ఎక్కడ సెడిందో. ఆ పని ఇంకోలికి ఇత్తే మల్లీ మొదటికొత్తాది."

శనివారం సాయంత్రం ఐదింటికి మరో పన్నెండు కథలు పంపుతున్నాం. ఆ వేళకి నువ్వు కంప్యూటర్ ముందు లేకపోతే మీ నాన్న బస్సెక్కి వస్తానంటున్నాడు. వెంట నేనూ వస్తాను.

దీవెనలతో,
యోనా